కోట లేని కోట

కోట చూడ్డానికి వెళ్తున్నామంటే మనసులో ముందే ఓ బొమ్మ గీసుకుంటాం. సింహద్వారం, దర్బారు, అంతఃపురం, ఓ పెద్ద ఫిరంగి, పైదాకా ఎక్కి దిగాక మోకాళ్ల నొప్పి. జపాన్‌ కోట అనగానే ఆ బొమ్మ కాస్త మారుతుంది. తెల్లటి గోడలు, రెక్కలు చాచినట్లుండే పెంకుల కప్పులు, ఒకదానిమీద ఒకటిగా అయిదారు అంతస్తులు, చుట్టూ చెర్రీ పూలు... క్యాలెండర్లలో చూసి చూసి కళ్లకు అలవాటైపోయిన దృశ్యమే. అంత దూరం వెళ్లాక అక్కడ మేడా లేదు, దర్బారూ లేదు, రాళ్ల గోడలూ పచ్చగడ్డీ పరుగులు తీసే జనమూ తప్ప ఇంకేం లేదంటే ఎలా ఉంటుంది?

ఫుకువోకా కోట అలాంటిదే. అయినా జపాన్‌లో చూసిన కోటలన్నిట్లోనూ నాకు బాగా గుర్తుండిపోయింది ఇదే!

ఫుకువోకా జపాన్‌కి నైరుతిమూల ఉన్న క్యూషూ దీవిలో పదహారు లక్షల పైచిలుకు జనాభా ఉన్న పెద్ద నగరం. పాలగుమ్మి సాయినాథ్‌ 2021లో ‘గ్రాండ్‌ ప్రైజ్‌’ అందుకున్న ‘ఫుకువోకా బహుమతి’ ఈ నగరం ఇచ్చేదే. ఆసియా సంస్కృతికి సేవ చేసినవాళ్లకు 1990 నుంచి ఇస్తున్నారు. మన రవిశంకర్‌కీ, రెహమాన్‌కీ కూడా దక్కింది. ఎక్కడో జపాన్‌లోని ఊరికి ఆసియా అంతటిమీదా అంత ఆపేక్ష ఎందుకో మ్యాపు చూస్తే తెలుస్తుంది. ఇక్కడినుంచి టోక్యోకన్నా కొరియా రాజధాని సియోల్‌ దగ్గర. సముద్రం దాటి వచ్చే ఓడకు జపాన్‌ మొదట కనిపించేది ఈ తీరంలోనే. ఈ సంగతి గుర్తుపెట్టుకోండి, కోట కథలో దీనితో పనుంది.

అగడ్త చుట్టూ పరుగు

మా మేనల్లుడు ఉద్యోగరీత్యా అక్కడే ఉంటున్నాడు. ఓ ఫిబ్రవరి ఆదివారం పొద్దున్నే వాడూ, భార్యా, ఎనిమిదేళ్ల పిల్లాడూ, నేనూ సబ్‌వే ఎక్కాం. హకతా స్టేషన్‌ నుంచి పది నిమిషాలే. ఊరు ఫుకువోకా అయితే స్టేషన్‌ హకతా ఏంటని మీకు సందేహం రావచ్చు. దానికీ కోటకీ సంబంధం ఉంది. నక నదికి తూర్పున వర్తకుల పట్నం హకతా, చాలా పాతది. పడమర కోటా, దాని చుట్టూ సమురాయ్‌ల ఇళ్లూ ఉన్నది ఫుకువోకా. 1889లో రెండూ కలిపి ఒక నగరం చేసినప్పుడు పేరు దగ్గర పేచీ వచ్చింది. నగరానికి కోటవాళ్ల పేరు, రైల్వేస్టేషన్‌కి వర్తకుల పేరు పెట్టారు. తర్వాతి ఏడాది నగరం పేరు హకతాగా మార్చాలని సభలో ప్రతిపాదిస్తే ఓట్లు సరిసమానంగా చీలాయట. చివరికి అధ్యక్షుడి ఓటు కోటవైపు పడింది. ఇప్పటికీ బుల్లెట్‌ రైలు వెళ్లేది హకతాకే!

ఒహొరి పార్కు స్టేషన్‌లో దిగి పైకి రాగానే పెద్ద చెరువు. చుట్టూ రెండు కిలోమీటర్ల బాట, మధ్యలో చిన్న చిన్న దీవులు, వాటిని కలుపుతూ వంతెనలు. పరుగెత్తేవాళ్లు, కుక్కల్ని తిప్పేవాళ్లు, హంస ఆకారంలోని పడవలు తొక్కుతున్న జంటలు... ఆదివారం కళంతా అక్కడే ఉంది. ‘ఒహొరి’ అంటే పెద్ద అగడ్త. నాలుగు వందల ఏళ్లకిందట ఇది సముద్రం లోపలికి చొచ్చుకొచ్చిన చిత్తడి కయ్య. కోట కట్టినవాళ్లు దీన్నే పడమటివైపు అగడ్తగా వాడుకున్నారు. 1927లో ఇక్కడ పెద్ద పారిశ్రామిక ప్రదర్శన జరిగింది. అది ముగిశాక చైనాలోని హాంగ్‌ఝౌ పడమటి సరస్సును మనసులో పెట్టుకుని తీర్చిదిద్ది 1929లో పార్కుగా తెరిచారు. శత్రువును ఆపడానికి ఉన్న నీళ్లు ఇప్పుడు నగరవాసుల రక్తపోటును అదుపులో పెడుతున్నాయి.

చెరువు దాటి తూర్పుకి నడిస్తే మైజురు పార్కు. కోట ఉన్నది అందులోనే. మైజురు అంటే నాట్యమాడే కొంగ, కోటకి అది ముద్దుపేరు. టికెట్టు లేదు, గేటు దగ్గర సోదాలు లేవు. గడ్డిమైదానంలో పిల్లలు బంతాడుకుంటున్నారు. ముందు వరసలో ఎర్రగా, తెల్లగా ‘ఉమె’ పూలు విచ్చుకున్నాయి. మా బుడతడు అటూ ఇటూ చూసి, ‘తాతయ్యా, కోటేదీ?’ అన్నాడు. వాడి కాళ్లకింద ఉన్నదే కోట అని చెబితే నమ్మలేదు.

ఎడమచెయ్యి ఏం చేస్తోంది?

ఈ కోట కట్టింది కురొదా నగమసా. ఆయన గురించి చెప్పాలంటే ముందు తండ్రి కురొదా కాన్బే గురించి చెప్పుకోవాలి. జపాన్‌ని ఒక్క గొడుగు కిందికి తెచ్చిన తొయొతొమి హిదెయొషికి యుద్ధవ్యూహాలు పన్నింది ఈయనే. శత్రువు దగ్గరికి రాయబారానికి వెళ్లి ఏడాదిపాటు వాళ్ల కోటలోనే బందీగా మగ్గాడు. బయటికొచ్చేసరికి కాలు పనికిరాకుండా పోయింది. 2014లో జపాన్‌ ప్రజాప్రసార టీవీ ఏడాది పొడుగునా ఆయన కథను సీరియల్‌గా వేసింది.

1600లో సెకిగహరా దగ్గర జరిగిన పెద్ద యుద్ధంలో కొడుకు నగమసా తొకుగవా ఇయెయసు పక్షాన నిలిచాడు. గెలిచిన ఇయెయసు అతని చెయ్యి పట్టుకుని మెచ్చుకున్నాడట. ఇంటికొచ్చి ఆ ముచ్చట గొప్పగా చెబితే, ‘ఏ చెయ్యి పట్టుకున్నాడు?’ అన్నాడట తండ్రి. ‘కుడిచెయ్యి’. ‘మరి నీ ఎడమచెయ్యి అప్పుడేం చేస్తోంది?’ అంత దగ్గరగా దొరికినవాణ్ని కత్తితో పొడిచి దేశాన్నే చేజిక్కించుకోలేకపోయావా అని! నిజంగా జరిగిందో లేదోగానీ, తండ్రీకొడుకుల తేడా చెప్పడానికి జపాన్‌లో ఇప్పటికీ ఈ కథే చెబుతారు.

యుద్ధంలో చేసిన సాయానికి నగమసాకి ఈ ప్రాంతం దక్కింది. అప్పట్లో రాజ్యం విలువను బియ్యంతో కొలిచేవారు. ఒక మనిషికి ఏడాది తిండికి సరిపోయే బియ్యం ఒక ‘కొకు’. కురొదాలకు దక్కింది అయిదు లక్షలకు పైగా కొకుల సీమ. ఉన్న నజిమా కోట చిన్నది, చుట్టూ ఊరు పెరగడానికి చోటు లేదు. అందుకని 1601లో ఈ గుట్టమీద కొత్త కోట మొదలుపెట్టి ఏడేళ్లలో, 1607కి పూర్తిచేశారు. తమ పూర్వీకులు బతికిన ఊరు పేరు ఫుకువోకా. అది ఇక్కడికి ఎంతో దూరం, ఇప్పటి ఒకయామా ప్రాంతంలో ఉంది. ఆ పేరే కోటకి పెట్టారు, ఆ తర్వాత నగరానికీ అదే స్థిరపడింది. తాతల ఊరిమీది మమకారం అలా పదహారు లక్షలమంది చిరునామా అయింది. కాన్బే మాత్రం కోట పూర్తవడం చూడలేదు, 1604లోనే పోయాడు. ఆయన చివరి రోజులు గడిపిన ఇంటి స్థలంలో ఇప్పుడు పూలతోట ఉంది.

సున్నం లేని గోడ

కోటలో మిగిలినవాటిలో ముందుగా ఆకట్టుకునేవి రాతిగోడలే. దగ్గరికెళ్లి చూడండి, రాయికీ రాయికీ మధ్య సున్నం, గచ్చు ఏమీ కనిపించవు. ఒకదాని బరువు ఇంకొకటి మోస్తూ నిలబడ్డాయి. గోడ నిటారుగా లేవదు, వెనక ఉన్న మట్టిగుట్టకు జారగిలబడినట్లు వాలి ఉంటుంది. పెద్దరాళ్ల వెనక గంపలకొద్దీ చిన్నరాళ్లు నింపుతారు. వాన కురిస్తే నీళ్లు ఆ చిన్నరాళ్ల సందుల్లోంచి దిగిపోతాయి, మట్టి ఉబ్బి గోడను నెట్టదు. భూకంపం వస్తే రాళ్లు కాస్త కదిలి సర్దుకుంటాయి. మూలల్లో మరీ జాగ్రత్త. పొడవాటి రాళ్లను ఒక వరస ఇటు, ఒక వరస అటు మార్చి మార్చి పేర్చారు, రెండు చేతుల వేళ్లు ఒకదాంట్లో ఒకటి జొనిపినట్లు. కొన్ని రాళ్ల అంచున వరసగా పలకల్లాంటి గాట్లుంటాయి. బండను చీల్చడానికి మేకులు దిగ్గొట్టిన చోట్లవి. నాలుగు వందల ఏళ్లనాటి సుత్తిదెబ్బలు వేలితో తడిమి చూడొచ్చు.

దారి కూడా తిన్నగా ఉండదు. నాలుగడుగులు వేయగానే గోడ అడ్డొస్తుంది, కుడికి తిరగాలి, మళ్లీ ఎడమకి. ప్రతి మలుపులోనూ వచ్చేవాడు పైనున్న కాపలావాళ్లకి ఒళ్లు అప్పగించాల్సిందే. ఇలాంటి కాపలా మేడలు పెద్దవీ చిన్నవీ కలిపి 47 ఉండేవని చెబుతారు. వాటిలో పాతచోటే మిగిలింది దక్షిణంవైపున్న ‘తమోన్‌’ మేడ. ఇప్పుడున్నది 1850ల్లో మళ్లీ కట్టింది. నల్లటి పెంకులూ తెల్లటి సున్నపు గోడలతో రైలుపెట్టెలా పొడుగ్గా ఉంటుంది, లోపల పదహారు గదులు. ప్రార్థనల కోసం కట్టిన ఇంకో మేడను 1918లో విప్పదీసి ఓ గుడికి తరలిస్తే, 1980ల్లో మళ్లీ తెచ్చి నిలబెట్టారు. ఉత్తరంవైపు గుమ్మం 2000లో మంటల్లో కాలిపోతే, మిగిలిన కలపనీ ఆధారాలనీ చూసుకుని 2008కి తిరిగి కట్టారు.

గోడల్లోని రాళ్లకీ ఓ కథ ఉంది. కొన్ని పాత నజిమా కోట విప్పి తెచ్చినవి. ఇంకొన్ని అంతకన్నా పాతవి. 1274లో మంగోలుల నౌకాదళం ఈ తీరంమీదికి వచ్చిపడింది. మళ్లీ వస్తారని భయపడి 1276లో సముద్రం ఒడ్డున సుమారు ఇరవై కిలోమీటర్ల రాతిగోడ లేపారు. 1281లో వాళ్లు వచ్చినప్పుడు ఆ గోడే అడ్డం నిలిచింది. మూడు వందల ఏళ్ల తర్వాత కురొదా పనివాళ్లు ఆ గోడ రాళ్లను కూడా పీక్కొచ్చి కోటకు వాడేశారని చెబుతారు. దేశాన్ని కాపాడిన గోడను కూల్చి కోట కట్టడమా అని మనకి అనిపిస్తుంది. కట్టేవాడికి మాత్రం చేతికందిన రాయి రాయే!

రాళ్లున్నాయి, మేడ ఏదీ?

మలుపులన్నీ తిరిగి పైకెక్కితే ఆఖరున ఒక రాతి పీఠం. జపాన్‌ కోటల్లో అన్నిటికన్నా ఎత్తుగా లేచే అంతస్తుల మేడను ‘తెన్షు’ అంటారు. ఆ తెన్షు కోసం కట్టిన పీఠమిది. మధ్యలో గొయ్యిలా ఉన్న చోట పెద్దపెద్ద రాళ్లు వరసలు తీరి ఉంటాయి, స్తంభాలు నిలబెట్టడానికి. స్తంభాలు లేవు. పైనుంచి చూస్తే ఒకవైపు నగరం, ఇంకోవైపు సముద్రంలో దీవులు, బేస్‌బాల్‌ డోమ్‌, 234 మీటర్ల ఫుకువోకా టవర్‌. ఫొటో బాగా వస్తుంది. వచ్చినవాళ్లంతా ఫొటో తీసుకుని, చుట్టూ తిరిగి, ఒకే ప్రశ్న వేస్తారు. ‘మరి మేడ ఏమైంది?’

దానికి సమాధానం రెండు రకాలుగా చెబుతారు. అసలు కట్టనే లేదన్నది ఒకటి. 1646లో షోగున్‌ ప్రభుత్వానికి పంపిన పటంలో కోటలోని మేడలన్నీ ఉన్నాయి, తెన్షు లేదు. పీఠం కట్టారు, అంతలో అనుమానపు కాలం వచ్చింది. 1615లో ‘ఒక సంస్థానానికి ఒకే కోట’ అని ఇయెయసు ప్రభుత్వం హుకుం జారీ చేసింది. కోట గోడకు మరమ్మతు చేయాలన్నా అనుమతి కావాలి. అలాంటప్పుడు ఆకాశమంత మేడ లేపి ‘నేనింతవాణ్ని’ అనిపించుకోవడం దేనికని ఊరుకున్నారన్నది వాదన.

రెండోది, కట్టి కూల్చేశారని. 1620లో పొరుగు సంస్థానాధీశుడు హొసొకవా తదఒకి కొడుక్కి రాసిన ఉత్తరంలో ఫుకువోకా తెన్షును విప్పేస్తున్నారన్న కబురుంది. అప్పుడే షోగున్‌ ఆజ్ఞతో ఒసాకా కోటను మళ్లీ కడుతున్నారు. దేశంలోని దొరలంతా రాళ్లూ మనుషులూ పంపాలి. విశ్వాసం చాటుకోడానికి నగమసా తన మేడనే విప్పి సాయం చేశాడా? ఎడమచేత్తో కత్తి దూయని మనిషి, తన ఎత్తు తనే తగ్గించుకున్నాడంటే నమ్మబుద్ధేస్తుంది. కానీ ఆ మేడ ఎన్ని అంతస్తులో, ఏ రంగో చూపించే బొమ్మ ఒక్కటీ లేదు.

సైనికులూ బేస్‌బాలూ

సమురాయ్‌ల కాలం ముగిశాక కొత్త ప్రభుత్వం 1873లో కోటలను రద్దుచేసింది. దేశమంతటా మేడల్ని కలపకీ పెంకులకీ అమ్మేశారు. ఫుకువోకా కోటలో కొన్నాళ్లు జిల్లా కచేరీ నడిచింది. అదే ఏడాది కరవుతో, కొత్త చట్టాలతో విసిగిపోయిన రైతులు వెదురు బల్లేలు పట్టుకుని దానిమీదికే వచ్చారు. తర్వాత సైన్యం దిగింది. 1945లో యుద్ధం ముగిసేదాకా ఇది సిపాయిల బారకాసులే, మామూలు జనానికి లోపలికి దారి లేదు.

ఓడిపోయిన దేశం ఆ నేలను ఆటలకిచ్చింది. 1948లో జాతీయ క్రీడలు ఇక్కడ జరిగాయి. సైన్యం ఖాళీ చేసిన చోటికి ‘హెయివదాయ్‌’... అంటే శాంతిగుట్ట అని పేరు పెట్టారు. ఆ మరుసటేడు బేస్‌బాల్‌ స్టేడియం వచ్చింది. మనకి క్రికెట్‌ ఎలాగో జపాన్‌కి బేస్‌బాల్‌ అలాగ. ఈ ఊరి జట్టు నిషితెత్సు లయన్స్‌ 1956 నుంచి వరసగా మూడేళ్లు దేశ ఛాంపియన్‌. 1958 ఫైనల్స్‌లో టోక్యో జట్టు చేతిలో మొదటి మూడు మ్యాచ్‌లూ ఓడి, తర్వాతి నాలుగూ గెలిచింది. ఆ నాలుగు విజయాలూ ఇనావో కజుహిసా అన్న ఒక్క బౌలర్‌ (వాళ్ల భాషలో పిచర్‌) ఖాతాలోవే. ‘దేవుడా, బుద్ధుడా, ఇనావో స్వామీ’ అని జనం దండాలు పెట్టారు. కోటలో తెన్షు లేని లోటు ఆ రోజుల్లో ఎవరికీ తెలిసి ఉండదు.

డాక్టరుగారి పెంకుముక్కలు

ఆ స్టేడియం గ్యాలరీల కిందే అసలు నిధి ఉంది. అక్కడుందని అరవై ఏళ్ల ముందే ఒకాయన చెప్పాడు. ఆయన చరిత్ర చదువుకున్నవాడు కాదు, డాక్టరు. పేరు నకయమా హెయిజిరో, క్యూషూ విశ్వవిద్యాలయంలో పాథాలజీ ప్రొఫెసర్‌. తీరిక దొరికితే పాత కుండపెంకులు ఏరడం ఆయన సరదా.

సంగతేంటంటే, వెయ్యేళ్ల కిందట చైనా, కొరియాల నుంచి వచ్చే రాయబారులకీ వర్తకులకీ ఈ తీరంలో ప్రభుత్వ విడిది ఒకటి ఉండేది. పేరు కొరొకాన్‌. పుస్తకాల్లో ప్రస్తావనలున్నాయి గానీ అది ఎక్కడుండేదో తెలీదు. పాత హకతా పట్నంలోనే అయి ఉంటుందని పండితులు తీర్మానించేశారు. నకయమాకి ఆ మాట మింగుడుపడలేదు. జపాన్‌లోకెల్లా పాత కవితల సంకలనం ‘మన్యోషూ’లో, 736లో కొరియా వెళ్తూ ఆ విడిదిలో బసచేసిన రాయబారుల పద్యాలున్నాయి. ఆ పద్యాల్లో కనిపించే సముద్రం, దీవులు, వినిపించే చప్పుళ్లు ఎక్కడ నిలబడితే కుదురుతాయో ఆయన లెక్కవేశాడు. కోట గుట్టే కుదిరింది. అక్కడేమో సైన్యం. బారకాసుల్లోకి జనాన్ని వదిలే ఓ పండగరోజున లోపలికి వెళ్లి, నేలమీద పాతకాలపు పెంకుముక్కలు ఏరుకొచ్చాడు. రోగమేదో గుర్తుపట్టినట్లే, ఆ ముక్కలూ పద్యాలూ కలిపి చూసి 1920ల్లో తేల్చిచెప్పాడు. కొరొకాన్‌ కోట కిందే ఉందని! ఆయన 1956లో చనిపోయాడు, తవ్వి చూసే అవకాశం రాకుండానే.

1987 చివర్లో స్టేడియం గ్యాలరీ మరమ్మతులకని తవ్వితే పునాదులు బయటపడ్డాయి. డాక్టరుగారు చెప్పినచోటే! స్టేడియాన్ని 1997లో మూసేసి, తవ్వకాలకోసం తొలగించారు. జపాన్‌లో అలాంటి విడిదులు మూడు ఉండేవి. ఆనవాళ్లు దొరికింది ఇదొక్కటే.

ఆ పునాదుల్ని ఉన్నచోటే ఉంచి, మీద కప్పు వేసి 1995 నుంచి చూపిస్తున్నారు. ఇక్కడా టికెట్టు లేదు. చైనా ఆకుపచ్చ పింగాణీ, కొరియా కుండలు, పశ్చిమాసియా గాజు, నీలిరంగు పూత వేసిన అరబ్బుల నాటి జాడీ ముక్కలు... ఎన్ని సముద్రాలు దాటి వచ్చుంటాయో! మా బుడతడికి మాత్రం అన్నిటికన్నా నచ్చింది ఎనిమిదో శతాబ్దపు మరుగుదొడ్డి. లోతైన గోతులు, శుభ్రం చేసుకోడానికి వాడిన చెక్కపుల్లలు, తిన్న పళ్ల గింజలు, కడుపులో ఉండే పురుగుల గుడ్లు. మట్టిలో దొరికిన ఆ గుడ్లనుబట్టి ఆ అతిథులు ఏం తిన్నారో పరిశోధకులు పోల్చుకుంటారు. రాయబారి ఎంతటివాడైనా ఇక్కడ రహస్యం దాగలేదు. ‘ఛీ’ అంటూనే వాడు మూడుసార్లు వెనక్కెళ్లి చూశాడు.

కట్టాలా, వద్దా?

ఇప్పుడు ఫుకువోకాలో ఓ చర్చ నడుస్తోంది. ఖాళీగా ఉన్న ఆ పీఠంమీద తెన్షు కట్టాలని కొందరి కోరిక. స్థానిక వాణిజ్య మండలి 2024లో నిపుణులతో చర్చలు జరిపించింది. ఆ వసంతంలో చెర్రీ పూల పండగకి పీఠంమీద మేడ ఆకారంలో పరంజా కట్టి, రాత్రుళ్లు దీపాలు వెలిగించారు. మా మేనల్లుడి భార్య చూసిందట. ‘మావయ్యగారూ, దూరం నుంచి నిజంగా మేడ ఉన్నట్లే ఉంది. ఇన్నేళ్లుగా ఇక్కడున్నాం, ఇక్కడో మేడ ఉండేదా అని మా వీధిలోవాళ్లు మాట్లాడుకోవడం అప్పుడే విన్నాను’ అంది. ఆమె మాటలో సత్యం ఉంది. కంటికి ఏదో ఒకటి కనిపించకపోతే జనానికి చరిత్ర పట్టదు. మేడ ఉంటే పర్యటకులొస్తారు, పక్కనున్న దుకాణాలు బతుకుతాయి.

జపాన్‌కి ఇది కొత్తేం కాదు. పాతకాలం నుంచి నిలిచి ఉన్న తెన్షులు దేశం మొత్తంమీద పన్నెండే. మనం ఫొటోలు తీసుకునే ఒసాకా మేడ 1931లో కాంక్రీటుతో కట్టింది. పొరుగునున్న కుమమొతో మేడ 1960 నాటిది. 2016 భూకంపంలో అక్కడ గోడలు కూలితే, రాయి రాయికీ నంబరు వేసి మళ్లీ పేరుస్తున్నారు. పాత ఫొటోలుంటే ఏ రాయి ఎక్కడిదో పోల్చుకోవచ్చు. ఫుకువోకా తెన్షుకి ఫొటో కాదుగదా, గీత కూడా లేదు. ఈ కోట 1957 నుంచి జాతీయ చారిత్రక స్థలం, అలాంటిచోట ఆధారం లేకుండా కట్టకూడదన్నది నియమం. 2020లో దాన్ని కొంత సడలించి, దొరకని వివరాలను చర్చించి ఊహించి పూరించుకోవచ్చన్నారు. అసలు చర్చకి బలం అక్కడే వచ్చింది.

నన్నడిగితే కట్టొద్దనే అంటాను. కాలిన గుమ్మాన్ని తిరిగి కట్టినప్పుడు చేతిలో కలప ఉంది, కొలతలున్నాయి. తెన్షు విషయంలో ఉన్నవి ఓ ఉత్తరమూ ఓ పీఠమూ. వాటిమీద ఊహించి అయిదంతస్తులు లేపితే, రేపు మా మనవడి వయసు పిల్లలకి అదే నిజమైపోతుంది. కట్టారా, కూల్చారా, భయపడి ఆగారా అన్న ప్రశ్న ఆ కాంక్రీటులో కలిసిపోతుంది. పైగా ఈ గుట్ట చరిత్ర చూడండి. మంగోలు గోడ విప్పి కోట కట్టారు, కొరొకాన్‌ని పూడ్చి కోట కట్టారు, ఆ పునాదుల్ని దెబ్బతీసి స్టేడియం కట్టారు. కట్టిన ప్రతివాడూ కిందున్నది చూసుకోలేదు. కింద ఏముందో మొదట పట్టుకున్నది, ఏమీ కట్టని ఓ డాక్టరు, అదీ నేలమీద పడున్న పెంకుముక్కలు చూసి!

దీపాల పరంజా నాకు నచ్చింది. రెండు నెలలు నిలిచింది, ఊరంతా మాట్లాడుకునేలా చేసింది, దిగిపోయింది. రాతికి గాయం కాలేదు. కావాలనుకుంటే ఏటా కట్టొచ్చు, ఏటికో రకంగా కట్టొచ్చు, ‘మాకు తెలిసింది ఇంతే, మిగతాది మీరు ఊహించుకోండి’ అని చెప్పినట్లుంటుంది. పార్కులోని సమాచార కేంద్రంలో కోట నమూనా ఎలాగూ ఉంది.

మీరు వెళ్లదలిస్తే మార్చి చివరివారం, ఏప్రిల్‌ మొదటివారం మంచి సమయం. దాదాపు వెయ్యి చెర్రీ చెట్లు పూస్తాయి, జనం చెట్లకింద చాపలు పరుచుకుని సాయంత్రందాకా కదలరు. పూలమధ్య నడవడం ఇష్టమే గానీ గుంపులు వద్దనుకుంటే ఫిబ్రవరిలో ఉమె పూల కాలం హాయి. ఎయిర్‌పోర్టు నుంచి హకతా రెండో స్టేషనే కాబట్టి విమానానికి నాలుగైదు గంటలు ఖాళీ ఉన్నా చూసి రావచ్చు. ముందు కొరొకాన్‌ చూసి, తర్వాత గోడల వెంట నడిచి, చివర్లో పీఠం ఎక్కండి. పిల్లల్ని వెంటబెట్టుకెళ్తే ఓ కాగితం, పెన్సిలూ ఇవ్వండి. ఆ రాళ్లమీద మేడ ఎలా ఉండేదో గీయమనండి. మావాడు ఏడంతస్తులు వేసి, పైన ఓ బేస్‌బాల్‌ జెండా ఎగరేశాడు. తప్పని చెప్పడానికి ఆధారం ఎవరి దగ్గరుంది?